వానలు పడకముందే: పిల్లల కడుపులో పురుగుల విషయంలో జాగ్రత్తలు

విజయవాడలో సింగ్‌నగర్, వాంబే కాలనీ వంటి లోతట్టు పేటల్లో గట్టి వాన కురిస్తే మురుగుకాలువ వీధిలోకి రావడానికి ఎంతోసేపు పట్టదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్ళలోకే వచ్చింది. నీరు తీశాక గుమ్మాల ముందు మిగిలిన బురదను అక్కడివారు ఇంకా మరచిపోయి ఉండరు. పేగుల్లో పెరిగే పొడవాటి పురుగులైన ఏలికపాముల గుడ్లు అలాంటి తడినేలలో కొన్ని వారాలకు రోగం కలిగించే దశకు వచ్చి, నెలల తరబడి బతుకుతాయి. ఏలికపాము గుడ్లు నోటి ద్వారా కడుపులోకి వెళతాయి, కొంకిపురుగు లార్వాలకైతే నోటితో పనిలేదు. అవి ఒట్టికాళ్ళ చర్మంలోంచి దూరి, చివరికి పేగును కరచుకుని రక్తం పీలుస్తాయి. తిండి తింటున్నా పిల్లవాడు పాలిపోయి, బడిలో నీరసంగా కూర్చోవడానికి ఇది ఒక కారణం. బెల్లం తింటే పురుగులు పడతాయన్న మాటలో మాత్రం నిజం లేదు.

అన్నిటికంటే ముందు మార్చుకోవలసింది, పసిబిడ్డల మలంలో దోషం లేదనుకుని కాగితంతో ఎత్తి కాలువలో పడేసే అలవాటు. పురుగులున్న పిల్లల మలంలో గుడ్లు వేలల్లో ఉంటాయి, ఆ కాలువ పక్కనే ఇరుగుపొరుగు పిల్లలు ఆడుకుంటారు. ఇంట్లో మరుగుదొడ్డి లేకపోతే మూత ఉన్న పాత డబ్బాలో వేసి, వీధి మరుగుదొడ్డికి తీసుకెళ్ళి పోయాలి. ఇది తల్లికి అదనపు చాకిరీయే, ఇంట్లో మగవారు కూడా పంచుకోవలసిన పని.

గోళీలాడి వచ్చిన పిల్లవాడి చేతిని వెలుతురులో పట్టి చూస్తే గోళ్ళ కింద నల్లటి గీత కనిపిస్తుంది. ఆ చేత్తోనే వాడు అన్నం కలుపుకుంటాడు. వారానికోసారి గోళ్ళు తీయాలి, అన్నానికి ముందు సబ్బు ముక్కతోనైనా రుద్ది కడగాలి, బయట చెప్పులు వేయించాలి. నీళ్ళ డ్రమ్ములో చెయ్యి మునగకుండా పొడుగు కాడ గరిటె వాడాలి. క్లోరిన్ బిళ్ళ విరేచనాల క్రిములను చాలావరకు చంపుతుంది గాని ఏలికపాము గుడ్లను చంపలేదు, కాబట్టి తాగేనీటిని కాచి చల్లార్చడమే మేలు.

నులిపురుగుల నివారణ దినం 2015 నుంచి జరుగుతోంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పురుగులను చంపే ఆల్బెండజోల్ బిళ్ళ ఉచితంగా వేస్తారు. ఏడాది దాటి రెండేళ్ళలోపు వారికి సగం బిళ్ళ, పొడి చేసి నీటిలో కలిపి. రెండేళ్ళ నుంచి 19 ఏళ్ళ వరకు 400 మిల్లీగ్రాముల బిళ్ళ నమిలించి. ఒంట్లో బాగాలేని పిల్లలకు ఆ రోజు వేయించకుండా, తగ్గాక, తప్పిపోయినవారి కోసం కొద్దిరోజులకే మళ్ళీ బిళ్ళలు వేసే రోజున వేయించాలి. గుంటూరు మిర్చి పనులకు పొరుగూళ్ళ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో పేరు లేక తప్పిపోతుంటారు. వారిని దగ్గరి అంగన్‌వాడీకి తీసుకెళితే అక్కడ కూడా వేస్తారు. బిళ్ళ కడుపులోని పురుగులను చంపుతుంది, మట్టిలోని గుడ్లను కాదు, అందుకే ప్రతి విడతా వేయించాలి.

బిళ్ళ వేశాక కాస్త కడుపునొప్పి, వాంతి కలగవచ్చు, త్వరలోనే తగ్గుతాయి. కానీ పొట్ట ఉబ్బి, పదేపదే వాంతులై, విరేచనం ఆగిపోతే పేగుకు పురుగులు అడ్డుపడి ఉండవచ్చు. నాటు మందులతో ఆలస్యం చేయకుండా ఆ గంటలోనే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళాలి.