పాత రాజ్యాంగం చదవాలంటే ముందు పన్నుల పేజీ తీయండి

పంతొమ్మిదో శతాబ్దపు రాజ్యాంగం ఏది చేతికొచ్చినా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ఏళ్ల తరబడి నేను చేసిన పొరపాటదే. "శాసనాధికారం రాజుకీ రెండు సభలకీ ఉమ్మడి" అన్న వాక్యం కింద గీత గీసుకుని, అధికార విభజన కుదిరిపోయిందని పిల్లలకు పాఠం చెప్పేసేదాన్ని.

ఇప్పుడు నేరుగా పన్నుల అధ్యాయానికే వెళ్తాను. 1831 నాటి బెల్జియం రాజ్యాంగం, ఉత్తర జర్మనీ రాజ్యమైన ప్రష్యా 1850 నాటి రాజ్యాంగం పక్కపక్కన పెట్టుకోండి. రెండోదానికి చాలా చోట్ల మొదటిదే నమూనా. బెల్జియంలో 111వ అధికరణ ప్రకారం పన్నులకు ఏటా సభల ఓటు కావాలి, లేకపోతే పన్ను చట్టం ఏడాదితో సరి. ప్రష్యాలో 99వ అధికరణ కూడా బడ్జెట్ ఏటా చట్టంగానే రావాలంటుంది. అక్కడే ఆగితే మోసపోతాం. కిందికి, 109 దాకా దిగండి: ఉన్న పన్నులు, మరో చట్టం మార్చేదాకా వసూలవుతూనే ఉంటాయి.

ఆ ఒక్క వాక్యం సత్తా 1862లో తెలిసింది. సైన్య సంస్కరణకు దిగువసభ డబ్బివ్వనంది. అప్పుడే ప్రధాని అయిన బిస్మార్క్, రాజుకీ సభలకీ పొత్తు కుదరకపోతే ఏం చేయాలో రాజ్యాంగం చెప్పలేదు కనుక ప్రభుత్వం నడవాల్సిందేనన్నాడు. పన్నులు ఎలాగూ వస్తున్నాయి. సభ ఆమోదించిన బడ్జెట్ లేకుండానే నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. 1866లో ఆస్ట్రియా మీద గెలిచాక సభ ఆ పాత ఖర్చులకు సమ్మతించింది. అప్పటిదాకా అతన్ని ఎదిరించిన ఉదారవాదులు ఆ ఓటు దగ్గరే చీలిపోయారు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఘట్టం దగ్గర నా గొంతు బరువెక్కుతుంది.

తర్వాత మంత్రి సంతకం చూడండి. రాజు ఉత్తర్వుపై మంత్రి సంతకం ఉండాలి, దానికి ఆ మంత్రే జవాబుదారీ అన్న నియమం రెండు చోట్లా ఉంది. ప్రష్యాలో మాత్రం మంత్రిని విచారించే పద్ధతి తర్వాతి చట్టంలో వస్తుందన్నారు. ఆ చట్టం రానేలేదు. "చట్టం ద్వారా నిర్ణయిస్తారు" అని కనబడ్డ ప్రతిచోటా అది వచ్చిందో లేదో ఆరా తీయండి.

శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాల్లాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. 1824 నాటి బ్రెజిల్ రాజ్యాంగంలో నాలుగు. మంత్రులకు అతీతంగా రాజు తటస్థంగా నిలవాలన్న ఫ్రెంచ్ రాజకీయ రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ ఆలోచన అక్కడ "సమన్వయాధికారం" అయింది. కానీ దాన్నీ, కార్యనిర్వాహక పెత్తనాన్నీ ఒకే చక్రవర్తి చేతిలో పెట్టారు.

ఈ చూపుతో 1889 నాటి జపాన్ రాజ్యాంగం తెరిచి, 71వ అధికరణకు వెళ్లండి. బడ్జెట్ ఆమోదం పొందకపోతే నిరుటి బడ్జెట్టే అమలవుతుంది. బిస్మార్క్ వాదించి సాధించుకున్న వెసులుబాటును అక్కడ ముందే రాసి పెట్టుకున్నారు.