కంచె దగ్గర ఆగిపోతున్న పెరటి రైలు: నా అనుభవం

డాలస్‌లో మా పెరట్లో 30 మీటర్ల జీ స్కేల్ (ఆరుబయట నడిపే పెద్ద సైజు బొమ్మ రైలు) లైను వేశాను. 45 మిల్లీమీటర్ల గేజి (పట్టాల మధ్య దూరం), ఇత్తడి పట్టాలు. మొదటి ఏడాది హాయిగా తిరిగింది. రెండో వేసవికి వెనక కంచె దగ్గరికొచ్చేసరికి రైలు నీరసించేది, రెండు పెట్టెలు ఎక్కువ తగిలిస్తే ఆగిపోయేది.

మోటారు పోయిందనుకుని ఇంజను విప్పి రెండు వారాంతాలు పోగొట్టుకున్నాను. చివరికి రైలు నడుస్తుండగా మల్టీమీటరు పెట్టి చూస్తే పవర్ ప్యాక్ (పట్టాల ద్వారా ఇంజనుకు కరెంటిచ్చే పెట్టె) దగ్గర 18 వోల్టులు, కంచె దగ్గర 11! పట్టాల పైభాగం తళతళలాడుతున్నా జాయినర్ల (పట్టాలను ఒకదానితో ఒకటి కలిపే లోహపు ముక్కలు) లోపల నల్లగా చిలుము పట్టింది. ప్రతి అతుకు దగ్గరా కొంత వోల్టేజీ పోతోంది.

అతుకులన్నీ ఊడదీసి, పట్టాల చివరలు సన్న గరుకు కాగితంతో రుద్ది, మరలతో బిగించే ఇత్తడి క్లాంపులు వేశాను. పవర్ ప్యాక్ నుంచి కంచె వైపుకి మందపాటి రాగి తీగలు విడిగా లాగాను. ఏ తీగ ఏ పట్టాకో గుర్తు పెట్టుకోండి, తారుమారైతే షార్ట్ అవుతుంది. ఇప్పుడక్కడ 17 వోల్టులు.

పట్టాలను కాంక్రీటుకు మాత్రం బిగించకండి. 30 సెల్సియస్ డిగ్రీల వేడి పెరిగితే ఇంత పొడవు ఇత్తడి దాదాపు 17 మిల్లీమీటర్లు సాగుతుంది. కంకర మీద వదులుగా ఉండాలి.

నిన్న సాయంత్రం మా పాప ఆరు పెట్టెలతో గంటసేపు తిప్పింది.