ఎయిర్ డిఫెన్స్‌కి పొయ్యే పిల్లోళ్లకి: ముందు చెవులు చూపించుకోండప్పా

గుత్తి, గుంతకల్లు, ఉరవకొండ సైడ్ నుంచి అగ్నివీర్‌లో సెలెక్ట్ అయిన పిల్లోళ్లలో కొందరికి ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ (శత్రువుల విమానాలు, డ్రోన్లని కింద నుంచి కూల్చే విభాగం) వచ్చిందంట, ఇద్దరు ముగ్గురు ఇంటికే వచ్చి అన్నా ఆడ ఏం పని, బార్డర్‌లోనే వేస్తారా అని అడిగినారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. నేను ఇరవై ఏళ్ల పైన ఈ కోర్‌లోనే చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చినోణ్ణి. ఇప్పుడు నా ఎడం చెవిలో రాత్రీపగలూ కీచురాయి అరుస్తానే ఉంటుంది, అందుకే చెవితోనే మొదలుపెడ్తా.

ర్యాలీ మెడికల్‌కి ఇంకా పోవాల్సినోళ్లు ఉంటే, రెండు మూడు వారాల ముందే గవర్నమెంట్ హాస్పిటల్‌లో ఈఎన్‌టీకి చూపించుకోండి. పరుగు బాగా కొట్టి, పరీక్ష పాసై, చెవిలో గులిమి ఉందని టెంపరరీ అన్‌ఫిట్ రాయించుకుని మొహం యాలాడేసుకుని వచ్చినోళ్లని శానామందిని చూసినా. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గెలికి పొర చించుకోవద్దు, చుక్కల మందు వేసి నానబెట్టి డాక్టరే తీస్తాడు. అట్లే టాటూ. ముంజేయి లోపలి వైపో, అరచెయ్యి వెనకాలో తప్ప ఇంకెక్కడా పర్మనెంట్ టాటూ ఒప్పుకోరు, ఎదపైన లవర్ పేరు పొడిపించుకుని తర్వాత ఏడిస్తే ఎవరూ ఏం చేయలేరు.

సరే, సెలెక్ట్ అయిపోయినావనుకో. ట్రైనింగ్ ఒడిశాలో గోపాల్‌పూర్, సముద్రం పక్కనే. మనకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉండాది, అనంతపురంలోనో గుంతకల్లులోనో ఎక్కితే మారే పనిలేకుండా బరంపురంలో దిగొచ్చు. ఆరేడు నెలల ట్రైనింగ్. మొదట్లో అందరికీ ఉండే డ్రిల్లు, పరుగు, రైఫిలే, తర్వాతనే గన్నులు. మన ఎండ వేరు ఆ ఎండ వేరు, అది గుర్తుపెట్టుకో. ఇక్కడ చెమట ఆరిపోతుంది, అక్కడ ఉప్పుగాలికి ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి, కాళ్ల వేళ్ల సందులు పాసిపోతాయి. కాటన్ సాక్సు ఎక్కువ జతలు పెట్టుకో, ఫంగస్ పౌడర్ పెట్టుకో. కొత్త షూ అయితే ఇంటికాడే నెలరోజులు తొడిగి తొక్కి పో.

ఇంగ గన్ను కాడికి వద్దాం. ఎల్-70 అని 40 ఎంఎం గన్ను, మా కంటే ముసిల్ది, కానీ రాడార్లు, కెమెరాలు మార్చి ఇంకా వాడ్తానే ఉన్నారు, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు పాకిస్తాన్ డ్రోన్లని కూల్చిన వాటిల్లో ఇదీ ఉంది. ఒక్కో క్లిప్‌లో నాలుగు రౌండ్లు, చేత్తోనే ఎక్కించాల. దాని సౌండు టీవీలో వినేది కాదు, ఎదలో కొడుతుంది. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు సౌండు ఒక్కసారికే చెవిని చెడగొట్టగలదు. ఇయర్ ప్లగ్గు లోపల, దానిపైన మఫ్ఫు, రెండూ పెట్టుకో. నేను ఒకసారి ఫైరింగ్‌లో ఆర్డర్ సరిగా ఇనపడ్లేదని ఎడమ పక్క ప్లగ్గు తీసినా, రెండు నిమిషాలు కూడా కాలేదు, అంతే. రెండ్రోజులు దూది కుక్కినట్లు ఉండింది, సీనియర్లు అందరికీ అట్లే ఉంటుంది పోతుందిలే అన్నారు, నేనూ గమ్మునైపోయినా. అది తప్పు. చెవి మూసుకుపోయినట్లున్నా గుయ్ మన్నా ఆరోజే ఎంఐ రూమ్‌కి, అంటే యూనిట్‌లో డాక్టర్ చూసే గదికి పోయి రాయించు, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించమని అడుగు, కాయితం ఫొటో తీసి పెట్టుకో. రేపు సర్వీస్ అయిపోయినాక చెవి పోయిందంటే ఎప్పుడు పోయింది, యాడ రాసుంది అని అడుగుతారు. నాకు చూపించేకి ఒక్క కాయితం కూడా లేకపాయ.

గన్ను మోటార్ మీద తిరిగేటప్పుడు బారెల్ రెప్పపాటులో ఈ పక్క నుంచి ఆ పక్కకి వస్తుంది, దాని దారిలో తలకాయ ఉంటే అంతే సంగతి, కాబట్టి ఎక్కేటప్పుడు దిగేటప్పుడు కేకేసి చెప్పి ఎక్కు. రౌండు పేలకపోతే, బారెల్ కాలిపోతా ఉంటుంది చూడు, అప్పుడు బ్రీచ్ (బారెల్ వెనకాల రౌండు ఎక్కే చోటు) తెరిచి తొంగిచూసే హీరోయిజం వద్దు, ఆ వేడికే అది లోపలే పేలొచ్చు. చెప్పిన టైమంతా ఆగు. ఇగ్లా అని భుజం మీద పెట్టి వదిలే మిస్సైల్ ఇస్తారు కొందరికి, మొత్తం కలిపి 18 కిలోల దాకా బరువు, బ్యాటరీ ఆన్ చేస్తే 30 సెకన్లంత టైమే, ఆలోపు టార్గెట్ దొరకాల, లేకపోతే ఆ బ్యాటరీ వేస్టు. ముందు నీ వెనకాల చూసుకో, గోడ ఉందా, మనిషి ఉన్నాడా అని, వెనక్కి కొట్టే మంట చెప్పి రాదు.

ఇవన్నీ చదివి రోజూ ఢాం ఢాం అనుకునేరు. కాదప్పా. ఈ ఉద్యోగంలో ముప్పావు వంతు కాచుకుని కూర్చునేదే. చెనక్కాయ చేన్లో అడవిపందులకి మంచె మీద కాపలా ఉన్నోడికి సగం ఉద్యోగం తెల్సినట్లే. రాత్రంతా రావు, తెల్లారగట్ట రోంత కన్నంటుకుంటే అప్పుడే వస్తాయి, చేను పోతుంది. ఇదీ అట్లే. రాత్రి డ్యూటీ పడేముందు మధ్యాన్నం పడుకో, ఫోన్ చూస్తా పడుకోవద్దు. టీ మీద టీ తాగితే నిద్ర ఆగుతుందనుకుంటారు, రెండు రాత్రులకి కడుపు చెడిపోతుంది.

ఇంకో పెద్ద కష్టం, కొట్టేది కాదు, కొట్టకుండా ఉండేది. పైన తిరిగే దాంట్లో మనోళ్లదీ ఉంటుంది. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీర్‌లోని బడ్గాంలో మన ఎయిర్‌ఫోర్స్ ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన మిస్సైలే కూల్చింది, అందులో ఆరుగురు, కింద ఒక సివిలియన్ చనిపోయినారు. అది పెద్ద తప్పని ఎయిర్‌ఫోర్స్ చీఫే ఒప్పుకున్నాడు. క్లాసులో విమానాల నీడబొమ్మలు చూపించి ఇదేంది అదేంది అని అడుగుతుంటే బోరు కొడ్తుంది, మా బ్యాచ్‌లో సగం మంది ఆ క్లాసులోనే నిద్రపోయేది, నువ్వు మాత్రం అదే గట్టిగా నేర్చుకో. ఫైర్ చేయొద్దని ఆర్డర్ ఉన్నప్పుడు చేతులు వణుకుతా ఉన్నా ఆగాల.

పోస్టింగ్ రాజస్థాన్ పడితే మనదీ వాన లేని కరువు సీమే కదా, మాకేం కొత్త అని మనోళ్లు గొప్పలు పోతారు, ఎండలో నిలబడేది వేరు, షిల్కా లాంటి, ట్యాంకు మాదిరి గన్నులుండే ఇనుప బండిలో కూర్చునేది వేరు. ఓఆర్‌ఎస్ దాహం కాకముందే తాగు. లద్దాఖ్ పడితే పోయిన రోజే పరుగులు తీయొద్దు, తొమ్మిది వేల అడుగుల పైన 6 రోజులు, తర్వాత పన్నెండు వేల పైన 4 రోజులు, పదిహేను వేల పైన ఇంకో 4 రోజులు అలవాటు చేయిస్తారు, తలనొప్పి వాంతులు వస్తే దాచొద్దు. శానా ముఖ్యం, చలికని టెంటు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు, జనరేటర్ పొగ లోపలికి వచ్చే చోట కూడా. ఆ గ్యాసు వాసన రాదు, నిద్రలోనే పోతారు.

ఫోన్ గురించి. 2020 జులైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టా కలిపి 89 యాప్‌లు తీసేయమంది, తర్వాత ఆర్డర్లు మారుతానే ఉన్నాయి, నీ యూనిట్ ఇప్పుడు ఏం చెప్తే అది. గన్ను పక్కన సెల్ఫీ తీసి మా అన్న మా గర్వం అని ఇంటోళ్లు స్టేటస్ పెడ్తారు, వెనకాల కొండ చూసి అది ఎక్కడో కనుక్కునేటోళ్లు ఉంటారు. తెలియని అమ్మాయి హిందీలో హాయ్ అని పెడితే మురిసిపోకు, నిన్ను వెతుక్కుంటా వచ్చేంత అందగాడివి అయ్యుంటే మన కాలేజీలోనే దొరికేది.

డబ్బు. అగ్నివీర్‌కి మొదటి ఏడు 30 వేలు అంటారు, చేతికొచ్చేది 21 వేలు, మిగతా 30 శాతం సేవా నిధికి, అంటే నాలుగేళ్లయినాక ఒకేసారి ఇచ్చే డబ్బుకి. నాలుగేళ్లకి 10 లక్షల పైన చేతికొస్తుంది, పెన్షన్ ఉండదు, పర్మనెంట్‌గా తీసుకునేది 25 శాతం దాకానే. కాబట్టి పోయిన మూడో నెలకే బుల్లెట్ బండి ఈఎంఐ పెట్టుకోవద్దు, అప్పుచేసి అక్క పెళ్లి చేద్దామని నాయన అంటే కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పు.

భయమా అని అడిగినారు కదా. 2025 మేలో మన గోరంట్ల మండలం కల్లి తండా పిల్లోడు, అగ్నివీర్ మురళీ నాయక్, ఎల్‌ఓసీలో షెల్లింగ్‌కి పోయినాడు. అది కళ్లముందు జరిగింది, లేదని నేను చెప్పలేను. ఆ రోజుల్లోనే ఒక్క రాత్రి మూడు నాలుగు వందల డ్రోన్లు 36 చోట్లకి వచ్చినాయని గవర్నమెంటే చెప్పింది. నా కాలంలో డ్రోనంటే పెళ్లి వీడియో తీసేదే, ఇప్పుడు మీ పని ముక్కాలు దానితోనే. అదే ఏడు ఏప్రిల్‌లో మన కర్నూలు రేంజ్‌లోనే డీఆర్‌డీఓ లేజర్‌తో డ్రోన్లని కాల్చి చూపించింది, మీరు రిటైర్ అయ్యేలోపు ఏమేం వస్తాయో. కానీ ఇప్పటికి రాత్రి ఆకాశంలోకి చూసే కళ్లు మీవే, ఆ గన్ను కాడ పడుకునేదీ మీరే.

పొయ్యేముందు పళ్లు చూపించుకోండి, నొప్పి రాత్రి డ్యూటీలోనే మొదలవుతుంది. ఆధార్, టెన్త్ మార్కుల లిస్టు, నేటివిటీ, అన్నిట్లో పేరు ఒకే స్పెల్లింగ్ ఉండేట్లు చూసుకోండి, ఒక అక్షరం తేడాకి ఆఫీసుల చుట్టూ తిరిగి ఏడ్చినోళ్లు ఉన్నారు. అమ్మ పెట్టే చెనక్కాయ పొడి డబ్బా మాత్రం పెద్దదే తీసుకోండి, బ్యారక్‌లో మొదటి రోజే ఖాళీ అయిపోతుంది, నీకు ఒక స్పూనే మిగుల్తుంది.