మాడ్లు పెట్టాక స్కైరిమ్ మొండికేస్తే: ముందు ఎక్కడ ఆగిందో చూడండి

ఖమ్మంలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. పగలంతా బోరు మోటార్లు, రాత్రి పదిన్నర దాటాక స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట. రైతు మోటారు తెచ్చి గడపలో దించి "కాలిపోయింది, విప్పు" అంటాడు. నేను వెంటనే విప్పను. స్విచ్ వేస్తే మూలిగిందా, ఫ్యూజు కొట్టేసిందా, అసలు చప్పుడే చేయలేదా అని అడుగుతాను. మూడూ మూడు వేరు వేరు జబ్బులు.

షాపులో ఇంత తెలిసినవాణ్ని, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే అంతా మర్చిపోయాను. మాడ్లు (ఆటను మార్చడానికి ఆటగాళ్లు తయారుచేసే చేర్పులు) మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి ఆట లోగో దగ్గరే మూసుకుపోయింది. కోపంలో 140 మాడ్లూ తీసేసి, రెండు ఆదివారాలు కూర్చుని మళ్లీ ఒక్కొక్కటే ఎక్కించాను. మళ్లీ అదే చోట మూసుకుపోయింది! ఊళ్లలో చెట్లు పెంచే మాడ్ ఒకటి నచ్చక తీసేశాను, దాని మీద ఆధారపడిన ప్యాచ్‌ను (చిన్న సర్దుబాటు ఫైలును) మాత్రం అలాగే ఉంచాను. రెండోసారీ అదే తప్పు చేశాను. పక్కనే పసుపు త్రికోణం మెరుస్తున్నా అటు చూడలేదు.

ఇక్కడ చెప్పేదంతా స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ గురించి, మాడ్లను ఎక్కించి సర్దే మాడ్ ఆర్గనైజర్ 2 అనే ప్రోగ్రామ్ గురించి. రాయడానికి తేలిగ్గా దాన్ని ఎంఓ2 అంటాను.

మాడ్లు పెట్టాను, ఆటలో ఏమీ మారలేదు

మా మేనల్లుడు కొత్తగూడెం నుంచి ఫోన్ చేశాడు. "మామా, ముప్పై మాడ్లు పెట్టాను. ఆటలో గడ్డి కూడా మారలేదు. డేటా ఫోల్డర్‌లో చూస్తే ఒక్క ఫైలూ లేదు."

"ఆట ఎక్కడి నుంచి తెరిచావురా?"

"స్టీమ్‌లో ప్లే నొక్కాను."

స్టీమ్ అంటే ఆటలు కొని తెరిచే ప్రోగ్రామ్. సగం మంది కొత్తవాళ్లకు ఇదే సమస్య. ఎంఓ2 మాడ్ల ఫైళ్లను ఆట ఫోల్డర్‌లో వేయదు. ప్రతి మాడ్‌నూ తన దగ్గరే విడి ఫోల్డర్‌లో ఉంచుకుని, ఆట తెరిచేటప్పుడు మాత్రం అవన్నీ ఆట తన ఫైళ్లు చదువుకునే డేటా ఫోల్డర్‌లోనే ఉన్నట్టు ఆటకు చూపిస్తుంది. ఆట మూసేస్తే అంతా మామూలే. అందుకే డేటా ఫోల్డర్ తెరిచి వెతికితే ఏమీ కనపడదు. ఆటను ఎంఓ2 లోపలి నుంచే తెరవాలి: పైన కుడివైపు జాబితాలో ఎస్‌కేఎస్‌ఈని (ఆటను తెరిచే, చాలా మాడ్లకు కావాల్సిన సహాయక ప్రోగ్రామ్‌ను) ఎంచుకుని రన్ నొక్కాలి. డెస్క్‌టాప్ మీద ఉన్న ఆట షార్ట్‌కట్ తీసేయండి, చెయ్యి అలవాటుగా దాని మీదికే పోతుంది.

అలా తెరిచినా ఒక్క మాడ్ మాత్రమే పనిచేయకపోతే, అది సరిగ్గా దిగిందో లేదో చూడాలి. కొన్ని జిప్ ఫైళ్లలో ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఉంటుంది. మెషెస్ (వస్తువుల ఆకారాలు), టెక్స్చర్స్ (వాటి పై రంగులు) అనే ఫోల్డర్లు మాడ్ తెరవగానే మొదటి వరసలో కనిపించాలి. అలా లేకపోతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, డేటాలో ఉన్నది సరైనది కాదంటూ ఎంఓ2 ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. మనం చదవకుండా ఓకే కొట్టేస్తాం. ఆ కిటికీలోనే అసలైన ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, అదే డేటా అని చెప్పే వీలుంది.

ఇంకో మాట. ఎంఓ2ను ఆట ఫోల్డర్‌లో పెట్టొద్దు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అసలు పెట్టొద్దు. అక్కడ ఫైళ్లు రాయడానికి విండోస్ అడ్డం పడుతుంది. వీలైతే స్టీమ్ లైబ్రరీ కూడా అక్కడ వద్దు. నేను డీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసుకున్నాను. దారి పొడుగైతే 260 అక్షరాల హద్దు దాటి కొన్ని ఫైళ్లు తెరుచుకోవు.

అసలు కిటికీయే రాకపోతే

రన్ నొక్కారు, ఎంఓ2 తాళం పడినట్టు ఒక క్షణం ఆగింది, మళ్లీ తెరుచుకుంది. ఆట జాడే లేదు. మోటారు చప్పుడే చేయకపోవడం అంటే ఇదే, కరెంటే లోపలికి రాలేదు. ఇలాంటప్పుడు టెక్స్చర్లు, ఇళ్లు, బట్టల మాడ్లను అనుమానించి లాభం లేదు. ఆట వాటిదాకా రానేలేదు. వెర్షన్లు చూడాలి.

ఆట ఫోల్డర్‌లో స్కైరిమ్ఎస్ఈ అనే ఎగ్జీ ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే ఆట వెర్షన్ నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఎస్‌కేఎస్‌ఈ ఆ నంబరుకు సరిపోయేదే ఉండాలి. ఆట 1.5.97 అయితే ఎస్‌కేఎస్‌ఈ 2.0.20 కావాలి, 1.6.640 అయితే 2.2.3, 1.6.1170 అయితే 2.2.6. దగ్గరలో ఉంది కదా అని పెడితే నడవదు. ఎస్‌కేఎస్‌ఈ ఆట మెమరీలో ఫలానా చోట ఫలానాది ఉంటుందని లెక్కగట్టుకుని రాసినది. ఆట వెర్షన్ మారితే ఆ చోట్లు జరుగుతాయి.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్ వచ్చింది. అది డబ్బు పెట్టి కొనే అదనపు సరుకు. మాడ్లు చేసేవాళ్లు మాత్రం "ఏఈ" అంటే 1.6తో మొదలయ్యే వెర్షన్ అన్న అర్థంలో వాడతారు. మీరు అదనపు సరుకు కొనకపోయినా మీ ఆట 1.6 అయి ఉంటే "ఏఈ" అని రాసిన ఫైలే దించుకోవాలి. మా మేనల్లుడు "నేను ఏఈ కొనలేదు మామా" అంటూ పాతదే పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఎస్‌కేఎస్‌ఈ మీద నడిచే చాలా మాడ్లకు అడ్రెస్ లైబ్రరీ అనే ఇంకో మాడ్ తప్పనిసరి. దాని ఫైలు పేరులోనే ఆట వెర్షన్ ఉంటుంది, 1-6-1170 లాగా. ఫలానా ఫైలు దొరకలేదని తెర మీద చిన్న డబ్బా వచ్చి అందులో ఆ అంకెలు కనిపిస్తే, మీరు వేరే వెర్షన్ లైబ్రరీ దించారని అర్థం. అలాగే ఫలానా డీఎల్ఎల్ (మాడ్‌లోని ప్రోగ్రామ్ ఫైలు) లోడ్ కాలేదంటూ జాబితా వస్తే ఫోటో తీసుకోండి. ఆ పేర్లున్న మాడ్లే మీ ఆట వెర్షన్‌కు సరిపడనివి. వాటికి కొత్త వెర్షన్ ఉంటే పెట్టండి, లేకపోతే తీసేయండి.

డబ్బా కూడా రాకపోతే డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, అందులో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్, అందులో ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్ తెరవండి. ఎస్‌కేఎస్‌ఈ64 అనే లాగ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఏ డీఎల్ఎల్ సరిగా ఎక్కింది, దేన్ని ఆపేశారు అన్నది వరసగా ఉంటుంది. లాగ్ ఫైలే లేదా? అయితే ఎస్‌కేఎస్‌ఈ మొదలే కాలేదు. లోడర్ ఎగ్జీ, దాని డీఎల్ఎల్ ఫైళ్లు ఆట ఎగ్జీ పక్కనే ఉండాలి, చాలామంది వాటిని కూడా మాడ్‌గా ఎంఓ2లో ఎక్కిస్తారు. అక్కడ పెట్టాల్సింది స్క్రిప్ట్స్ భాగం మాత్రమే. అన్నీ సరిగ్గా ఉంటే యాంటీవైరస్ క్వారంటైన్ చూడండి. ఎంఓ2 తన పని కోసం ఆట ప్రక్రియలోకి దూరుతుంది కాబట్టి యాంటీవైరస్‌కు అది దొంగలా కనిపిస్తుంది.

అంతా బాగుండి ఒక రోజు హఠాత్తుగా ఆగిపోయిందంటే ఆట అప్‌డేట్ అయి ఉంటుంది. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌కు వెళ్లి, ఆట తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చేయమని పెట్టుకోండి.

లోగో దగ్గర, మెనూ రాకముందే మూసుకుపోతే

ఇది నా 140 మాడ్ల కథ. ఎంఓ2 కుడివైపు జాబితాలో ప్లగిన్లుంటాయి, అంటే మాడ్ చేసే మార్పులను ఆటకు చెప్పే ఈఎస్పీ లాంటి ఫైళ్లు. వాటిలో ఏదైనా ఇంకో ప్లగిన్ మీద ఆధారపడితే ఆ రెండోదాన్ని మాస్టర్ అంటారు. మాస్టర్ లేకపోతే ఆట మెనూ దాకా రాదు. పసుపు త్రికోణం కనిపించిన ప్లగిన్ మీద మౌస్ పెట్టండి, ఏ మాస్టర్ లేదో పేరుతో సహా చెబుతుంది. ఆ మాస్టర్‌ను తెచ్చి పెట్టడమో, ఈ ప్లగిన్ టిక్ తీసేయడమో చేయాలి.

త్రికోణాలు లేకున్నా ఆగుతోందా? ప్లగిన్లు లెక్కపెట్టండి. మామూలు ప్లగిన్లు 254 దాటకూడదు. ఈఎస్ఎల్ గుర్తున్న తేలికపాటివి 4,096 దాకా ఒకే స్థానంలో సర్దుకుంటాయి, వాటితో బాధ లేదు. ఇక ఆటను పాత వెర్షన్‌లోనే ఉంచుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక: 2023 డిసెంబరు తర్వాత తయారైన కొన్ని ప్లగిన్ల హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాల) నంబరు 1.71. పాత ఆట దాన్ని చదవలేదు. బీస్ అని ముద్దుగా పిలిచే చిన్న మాడ్ పెడితే చదువుతుంది.

మెనూ వచ్చింది, సేవ్ తెరిస్తే పడిపోయింది

ముందు సేవ్‌నే అనుమానించండి. మెనూలో ఎస్కేప్ కింద ఉన్న ~ మీట నొక్కి కన్సోల్‌లో ఇంగ్లిష్‌లో సీఓసీ అని, ఖాళీ వదిలి రివర్‌వుడ్ అని టైప్ చేయండి. ఏ సేవూ లేకుండా నేరుగా ఆ ఊళ్లో దిగుతారు. అక్కడ హాయిగా తిరగగలిగితే మాడ్లు బాగానే ఉన్నాయి, పాత సేవ్‌లోనే తేడా ఉంది. స్క్రిప్టులున్న మాడ్‌ను ఆట మధ్యలో తీసేస్తే దాని అవశేషాలు సేవ్‌లో ఉండిపోతాయి. అలాంటి సేవ్‌ను శుభ్రం చేసే పనిముట్లున్నాయి కానీ, నా మట్టుకు ఆ మాడ్ తీయకముందటి సేవ్‌కు వెనక్కి వెళ్లడమే మేలు.

రివర్‌వుడ్‌లో కూడా పడిపోతే క్రాష్ లాగర్ అనే మాడ్ పెట్టి మళ్లీ పడేయండి. పైన చెప్పిన ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్‌లోనే నివేదిక వస్తుంది. అందులోని అంకెలు చూసి టెన్షన్ పడొద్దు, నాకూ అర్థం కావు. ఈఎస్పీ, నిఫ్, డీఎల్ఎల్ అని ముగిసే పేర్లు మాత్రం వెతకండి. ఒకే పేరు రెండు మూడు నివేదికల్లో కనిపిస్తే మొదట దాన్నే పట్టుకోండి.

ఆట నడుస్తోంది, చూడ్డానికి తేడాగా ఉంది

ఊదారంగులో మెరిసే వస్తువంటే టెక్స్చర్ లేదు. ఎర్ర ఆశ్చర్యార్థకం గుర్తు నిలబడి ఉంటే మెష్ లేదు. మనుషులు చేతులు చాచి బొమ్మల్లా జారుతుంటే యానిమేషన్ మాడ్ పెట్టి నెమెసిస్ లాంటి పనిముట్టు నడపడం మరిచారు. దాన్ని కూడా ఎంఓ2 లోపలి నుంచే నడపాలి. అది తయారుచేసిన ఫైళ్లు ఎడమ జాబితా అడుగున ఓవర్‌రైట్‌లో పడతాయి, కుడి క్లిక్ చేసి వాటిని ఒక మాడ్‌గా మార్చుకోండి.

మొహం నల్లగా, ఒళ్లు తెల్లగా ఉన్న మనిషి కనిపిస్తే ఒకే పాత్రను రెండు మాడ్లు మార్చుతున్నాయని అర్థం. ప్లగిన్ ఒకదానిది గెలిచింది, మొహం ఫైలు ఇంకోదానిది గెలిచింది. ఎంఓ2లో ఎడమ జాబితా ఫైళ్ల వరస, కుడి జాబితా ప్లగిన్ల వరస. రెండూ వేరు. రెండింటిలోనూ కింద ఉన్నదే గెలుస్తుంది. మీకు నచ్చిన మొహం ఏ మాడ్‌దో దాన్ని రెండు వైపులా కిందికి లాగండి. లూట్ అనే ప్లగిన్లు సర్దే పనిముట్టు నడిపితే కుడివైపు మాత్రమే సర్దుతుంది, ఎడమ జోలికి రాదు.

ఏదీ దొరకకపోతే సగానికి సగం

కాయిల్ ఎక్కడ తెగిందో తెలియకపోతే సీరీస్ బల్బుతో మధ్యలో పట్టుకుంటాం. బల్బు వెలిగిన సగం మంచిది, తెగింది రెండో సగంలో ఉంది. మాడ్లకూ అంతే. ముందు ఎంఓ2లో ప్రొఫైల్ కాపీ చేసి ఆ కాపీలోనే పనిచేయండి, అసలుది చెడదు. ఎస్‌కేఎస్‌ఈ, అడ్రెస్ లైబ్రరీ, అందరికీ మాస్టర్లైన మాడ్లు వదిలేసి మిగిలినవాటిలో సగం టిక్‌లు తీసేయండి. పసుపు త్రికోణాలు వస్తే ఆ ప్లగిన్లూ తీసేయండి. కన్సోల్‌తో రివర్‌వుడ్ వెళ్లండి. పడిపోలేదా? తప్పు మీరు తీసేసిన సగంలో ఉంది. 140 మాడ్లున్నా ఎనిమిది సార్లలో ఒక్కదాని దగ్గరికి వచ్చేస్తారు. రెండు మాడ్లు కలిస్తేనే గొడవ చేసేవి కొన్నుంటాయి, అప్పుడు మాత్రం ఒక పూట అదనంగా పడుతుంది.

మేనల్లుడి విషయానికొస్తే, ఎంఓ2 నుంచి తెరిచాక గడ్డి వచ్చింది. మర్నాడే మళ్లీ ఫోన్. "మామా, ఆటలో నా వెంట వచ్చే లిడియా మొహం నల్లగా అయింది." ఎడమవైపు చూడమన్నాను.