నడుం నొప్పికి పిలాటిస్ – మూడో పాఠం: వెన్ను మీద అప్పడాల కర్ర

పోయిన పాఠంలో వెల్లకిలా పడుకుని, ఊపిరి వదిలేటప్పుడు బొడ్డు కింది పొట్టని మెల్లగా లోపలికి లాక్కోవడం నేర్చుకున్నాం కదా, అది ఇంకా పట్టుబడకపోతే ఇంకో వారం అదే చేయండి. ఈరోజు పాఠానికి అదే ఆధారం.

చాప మీద దుప్పటి మడిచి వేయండి, ఉత్త గచ్చు మీదైతే మోకాళ్లు ఒప్పుకోవు. ఎండాకాలం మన బెజవాడలో పొద్దున్నే చెమటకి అరచేతులు జారతాయి, తువ్వాలు దగ్గర పెట్టుకోండి. చేతులూ మోకాళ్లూ ఆనించి వంగండి. అరచేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద, చూపు నేల మీద. ఇంట్లో ఎవరినైనా పిలిచి అప్పడాల కర్రని నడుం దగ్గర వెన్ను వెంబడి నిలువుగా పెట్టమనండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఊపిరి వదులుతూ పొట్ట బిగించి, కుడికాలి బొటనవేలు నేల మీద జారుస్తూ కాలు వెనక్కి చాపండి. కర్ర పక్కకి దొర్లి పడిందంటే తుంటి ఒరిగిందన్నమాట. పడకపోతేనే కాలు లేపండి, అదీ తుంటి ఎత్తు వరకే, ఇంకా పైకి లేపితే నడుం కిందకి వంగి ఆ బరువంతా నొప్పి ఉన్నచోటే పడుతుంది. అది కుదిరాక ఎడమ చేయి కూడా ముందుకు చాపి రెండు మూడు శ్వాసలు ఆగండి. ఒక్కో వైపు ఐదారు సార్లు చాలు.

ఎందుకిదంతా అంటే, వెన్నుపూసల్ని పట్టి ఉంచే మల్టిఫిడస్ అనే లోపలి కండరాలు దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్న చాలామందిలో బలహీనపడి ఉంటాయి. ఒక చేయి, ఒక మోకాలు మీదే బరువు ఆపాల్సి వచ్చినప్పుడు అవి పనిచేయక తప్పదు, బ్యాలెన్స్ కూడా దాంతోపాటే కుదురుతుంది. రోజూ బైక్ మీద గుంటూరు వెళ్లొచ్చేవాళ్లకీ, బీసెంట్ రోడ్డు షాపుల్లో పొద్దస్తమానం నిలబడేవాళ్లకీ ఇది బాగా పనికొస్తుంది. పిలాటిస్ అనే ఈ వ్యాయామ పద్ధతిని మొదలుపెట్టిన జోసెఫ్ పిలాటిస్ 1945లో అచ్చు వేయించిన 34 వ్యాయామాల్లో ఇది లేదు. వాటిలో కాళ్లు తల మీదుగా వెనక్కి వేసేవి మనలాంటివాళ్లు ముట్టుకోకపోవడమే నయం.

నొప్పి మోకాలి కిందకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా ఆపేసి డాక్టర్‌కి చూపించండి. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వారానికి మూడు నాలుగు రోజులు చేయండి. కర్ర పడకుండా రెండు వైపులా వచ్చాక, వచ్చే పాఠంలో గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడదాం.