విదేశీ బజార్లలో బేరమాడే ముందు: డెల్టా ప్రయాణికులకు కొన్ని జాగ్రత్తలు

దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికొచ్చాక థాయిలాండ్, సింగపూర్, వియత్నాం యాత్రలకు బయలుదేరే కుటుంబాలు ఇప్పుడు భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల్లో తరచుగా కనిపిస్తున్నాయి. కువైట్, దుబాయ్, మస్కట్‌లలో పనిచేసే కోనసీమ వాళ్లు సంక్రాంతికి ఇంటికొచ్చే ముందు అక్కడి బజార్లలో బంగారం, అత్తర్లు, దుప్పట్లు కొనడం ఎప్పటినుంచో ఉన్నదే. రావులపాలెంలో అరటి గెలలకూ, అంబాజీపేటలో కొబ్బరికాయలకూ, ఎర్రనీరు వచ్చిన రోజుల్లో పులసకూ బేరమాడి ఆరితేరిన మనకు బేరం కొత్తేమీ కాదు. అయితే ఇక్కడ సరుకు నాణ్యత, నిన్నటి ధర, అమ్మేవారి అవసరం మనకు ముందే తెలిసి ఉంటాయి. అక్కడ ఆ మూడింట్లో ఒక్కటీ తెలియదు. కాబట్టి ఎంత తగ్గించమని అడగాలన్న ఆలోచనకు ముందు, దేనిమీద బేరమాడాలో, దేనిమీద ఆడకూడదో తెలుసుకుని వెళ్లడం అవసరం.

మొదట ఆ దేశపు డబ్బు లెక్క కంటికి, చేతికి అలవాటు కావాలి. దుబాయ్ దిర్హంకు 100 ఫిల్సులయితే కువైట్ దినారుకు 1,000 ఫిల్సులు, ఒమాన్ రియాల్‌కు 1,000 బైసాలు. ఒక కువైట్ దినారు మన డబ్బులో 250 రూపాయలకు పైమాటే కనుక, "అర దినారే కదా, పోనీలే" అని వదిలేసినప్పుడల్లా నూటపాతిక రూపాయలకు పైగా వదిలేసినట్టు. వియత్నాంలో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. అక్కడి నోట్ల మీద సున్నాలు ఎక్కువ, పైగా 20,000 డాంగ్‌ల నోటూ 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలిరంగులోనే ఉంటాయి. సందెవేళ వీధి దీపాల కింద ఒకదానికి బదులు మరొకటి ఇచ్చేస్తే, బేరంలో మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు పోతుంది. పెద్ద నోట్లు విడిగా పెట్టుకోవాలి. చెల్లించేటప్పుడు ఒక్కొక్క నోటూ అంకె చదువుతూ లెక్కపెట్టి ఇవ్వాలి.

బంగారం విషయంలో మాత్రం నిదానంగా, వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతం వారు విదేశీ బజార్లలో పెద్ద మొత్తం పెట్టి కొనేది ఎక్కువగా అదే. దుబాయ్ దేరా గోల్డ్ సూక్‌లో గానీ, కువైట్ ముబారకియా బజారులో గానీ గ్రాము రేటు ఆ రోజు మార్కెట్‌ను బట్టి ఉంటుంది, దాన్ని తగ్గించమని అడగడం వృథా ప్రయాస. బేరానికి చోటున్నది మజూరీ, అంటే నగ చేసిన కూలి దగ్గర. మన ఊళ్లలో తరుగు శాతాల్లో చెబితే, అక్కడ మజూరీ చాలాచోట్ల గ్రాముకు ఇంత అని చెబుతారు. ఉదాహరణకు రెండు కాసుల గొలుసు, అంటే 16 గ్రాములు, కొంటున్నారనుకుందాం. మజూరీ గ్రాముకు 12 దిర్హములని చెబితే మొత్తం 192 అవుతుంది, దాన్ని 8కి దించగలిగితే 128కి వస్తుంది. తేడా 64 దిర్హములు, అంటే సుమారు 1,500 రూపాయలు. గొలుసు అల్లిక సాదాగా ఉన్నప్పుడు మజూరీ బాగా తగ్గుతుంది, చేతిపని ఎక్కువగా ఉన్న నగకు అంతగా తగ్గదు. రాళ్లు పొదిగిన నగ అయితే రాళ్ల బరువు తీసేసి నికర బంగారం ఎంతో బిల్లులో విడిగా రాయించుకోవాలి. లేకపోతే రాతికి కూడా బంగారం ధర ఇచ్చుకున్నట్టే. ఇక్కడ మొహమాటం ఎంతమాత్రం పనికిరాదు.

మరొక ముఖ్యమైన సంగతి. గల్ఫ్ దుకాణాల్లో బోర్డు మీద 24, 22, 21, 18 కారెట్ల రేట్లు వరుసగా రాసి ఉంటాయి. అరబ్బు నగల్లో 21 కారెట్లవి చాలా ఉంటాయి, వాటి ముద్ర 875. మనం ఇంట్లో వాడే 22 కారెట్ల నగకు 916 ముద్ర ఉంటుంది. పక్క కొట్టు కంటే రేటు తక్కువగా వినిపించినప్పుడు సంతోషించే ముందు అది ఏ కారెట్ రేటో అడగాలి, నగ వెనుక ముద్రను భూతద్దంలో చూపించమనాలి. దుబాయ్‌లో నగల మీద 5 శాతం వ్యాట్ కూడా ఉంటుంది కనుక బేరం ముగించే ముందే "ఇది పన్నుతో కలిపి చెప్పిన ధరేనా?" అని స్పష్టం చేసుకోవాలి.

ఇంకొకటి, మనసుకు సంబంధించినది. పరాయి దేశంలో "ఆయ్, మాదీ నర్సాపురం దగ్గరేనండీ" అన్న మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. అలా పలకరించిన మనిషి మంచివారే కావచ్చు, సాయమూ చేయవచ్చు. కానీ కొట్లో జీతానికో కమీషనుకో పనిచేసే వారి చేతిలో ధర ఉండదు. "బాబాయ్, మన వాళ్లకి కాబట్టి ఈ రేటు" అన్నప్పుడు కాదని చెప్పలేక ఒప్పేసుకోవడం మన వైపు వారికి సహజం. ఆ మాటకు నవ్వుతూ కృతజ్ఞత చెప్పి, మరో రెండు కొట్లలో అడిగి వస్తామనడంలో అవమానం ఏమీ లేదు.

థాయిలాండ్, వియత్నాం సంతల్లో బోణీ నమ్మకం మనకున్నంతగానూ ఉంది. బ్యాంకాక్‌లో మొదటి అమ్మకం డబ్బుతో మిగతా సరుకును తట్టే అమ్మకందారులు కనిపిస్తారు. పొద్దున్నే వెళ్లి కొనదలచుకుంటే ధర బాగానే తగ్గుతుంది, కొనే ఉద్దేశం లేనప్పుడు ఆ వేళ గీసి గీసి అడిగి వదిలి రావడం మాత్రం వారికి కష్టం కలిగిస్తుంది. వారు క్యాలిక్యులేటర్‌లో అంకె చూపిస్తే మనం అందులోనే మన అంకె కొట్టి చూపాలి. గొంతు పెంచకూడదు, సరుకును హేళన చేయకూడదు. ఒకసారి ఒప్పుకున్న ధర నుంచి వెనక్కి తగ్గడం ఎక్కడైనా మర్యాద కాదు. మాల్స్‌లో, సూపర్‌మార్కెట్లలో, జపాన్‌లో దాదాపు అన్ని దుకాణాల్లో బేరం అడగకపోవడమే సరైనది.

మరీ చవకగా కుదిరిన బేరాన్ని కూడా అనుమానించాలి. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ దగ్గర "ఈ రోజు మూసేశారు, నేను వేరే గుళ్లు చూపిస్తాను" అంటూ నామమాత్రపు కిరాయికి ఎక్కించుకునే టుక్‌టుక్‌లు చివరికి రత్నాల దుకాణానికో సూట్లు కుట్టే కొట్టుకో తీసుకెళ్లడం చాలా కాలంగా జరుగుతున్న మోసం. ప్యాలెస్ తెరిచి ఉందో లేదో గేటు వద్దకు వెళ్లి స్వయంగా చూడాలి. రత్నాల గురించి తెలియని వారు రత్నాలు కొననే కూడదు.

కార్డుతో చెల్లించేటప్పుడు యంత్రం రూపాయల్లో తీసుకోమంటారా, స్థానిక కరెన్సీలోనా అని అడిగితే స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటులో అదనపు భారం పడుతుంది.

పర్యాటకులుగా దుబాయ్ వెళ్లినవారు, పర్యాటకులకు వ్యాట్ తిరిగి ఇచ్చే పథకంలో చేరిన దుకాణంలో కనీసం 250 దిర్హముల సరుకు కొంటే వ్యాట్‌లో ఎక్కువ భాగం తిరిగి పొందవచ్చు. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి అడగాలి, విమానాశ్రయంలో సామాను అప్పగించే ముందే ధ్రువీకరణ చేయించుకోవాలి. అక్కడ ఉద్యోగం చేస్తూ నివాస వీసా ఉన్నవారికి ఈ సదుపాయం వర్తించదు, వారు దీన్ని బేరంలో లెక్కవేసుకోకూడదు.

ఏడాదికి పైగా విదేశంలో ఉండి మన దేశానికి తిరిగి వచ్చేవారికి కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించే ఆభరణాలు పురుషులకు 20 గ్రాములు, స్త్రీలకు 40 గ్రాములు. వారం రోజుల యాత్రకు వెళ్లి వచ్చేవారికి ఈ మినహాయింపు లేదు. నిబంధనలు మారుతుంటాయి కనుక కొనే ముందే కస్టమ్స్ వారి వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. బరువు, కారెట్, మజూరీ విడివిడిగా రాసిన అసలు బిల్లును సామానులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. పరిమితి దాటినట్టు తెలిస్తే దిగిన వెంటనే రెడ్ ఛానెల్‌కు (సుంకం కట్టాల్సిన సరుకు ఉందని కస్టమ్స్ వారికి చెప్పే దారికి) వెళ్లి ఆ బిల్లు చూపించాలి.