హెచ్‌డీసీడీ రిప్‌లను 24 బిట్లకు మార్చడం – నాలుగో పాఠం: సంకేతం దొరకనప్పుడు

హెచ్‌డీసీడీ అంటే మామూలు సీడీలోనే 16 బిట్లకు మించిన వివరాన్ని దాచే పద్ధతి. అలాంటి డిస్కు నుంచి తీసిన (రిప్ చేసిన) ఫ్లాక్ ఫైలును, అంటే నాణ్యత పోకుండా కుదించిన ఆడియో ఫైలును, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాములోని హెచ్‌డీసీడీ ఫిల్టరు గుండా పంపి 24 బిట్ల ఫైలుగా రాయడం గత పాఠంలో నేర్చుకున్నాము. చెప్పినట్టే చేసినా కొన్నిసార్లు ఫిల్టరు చివర ఇచ్చే నివేదికలో హెచ్‌డీసీడీ దొరకలేదని వస్తుంది. అప్పుడు చాలామంది ఫిల్టరునే అనుమానించి ఇంకో డీకోడరు వెతుకుతారు గానీ, నా అనుభవంలో తప్పు ఎక్కువగా రిప్‌లోనే ఉంటుంది.

కారణం ఈ పద్ధతి నిర్మాణంలోనే ఉంది. 1990ల మధ్యలో పసిఫిక్ మైక్రోసానిక్స్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ఈ పద్ధతిలో, 16 బిట్ల శాంపిళ్లలోని (ధ్వనిని కొలిచి రాసిన అంకెల్లోని) చిట్టచివరి బిట్టును అప్పుడప్పుడు సంగీతం నుంచి అరువు తీసుకొని, అందులో డీకోడరుకు ఆదేశాలు దాస్తారు; ఫిల్టరు వెతికే సంకేతం ఇదే. ఇక్కడ శిఖరాలను నొక్కాము కాబట్టి విప్పమని, ఇక్కడ మెల్లని ధ్వనిని పెంచాము కాబట్టి తగ్గించమని ఆ ఆదేశాల సారాంశం. ధ్వనిని 0.1 డెసిబెల్ మార్చినా ప్రతి శాంపిలూ కొత్తగా లెక్కకట్టబడి, ఆ చివరి బిట్టులోని రాత చెరిగిపోతుంది. చెవికి ఏ తేడా తెలియదు, డీకోడరుకు మాత్రం ఏమీ మిగలదు.

అందువల్ల రిప్ చేసే ప్రోగ్రాములో నార్మలైజ్ అనే, ధ్వని స్థాయిని దానంతటదే మార్చే ఎంపిక ఆపి ఉందో లేదో మొదట చూడండి. తరువాత, ఆ ఫైలును ఎప్పుడైనా ఆడియో ఎడిటరులో తెరిచి మళ్లీ భద్రపరచారా అని గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే భద్రపరిచేటప్పుడు డిథర్ పేరుతో కలిపే సన్నని రొద సరిగ్గా ఆ చివరి బిట్టు మీదే పడుతుంది. ఎంపీ3గా మారి తిరిగి వచ్చిన ఫైలులో సంకేతాలు వెతకడం వృథా. డ్రైవు ఆఫ్‌సెట్ గురించి మాత్రం బెంగ అవసరం లేదు. శాంపిళ్లన్నీ కలిసి ముందుకో వెనక్కో జరిగినా వాటి విలువలు మారవు.

రిప్ నిర్దోషమని తేలినా సంకేతం దొరకకపోతే డిస్కునే పరీక్షించాలి. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక పాత సామాన్ల అంగడిలో, అట్ట మీద హెచ్‌డీసీడీ గుర్తు స్పష్టంగా ఉన్న డిస్కు ఒకటి కొని, మూడు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టాను. రెండు డ్రైవుల్లో రిప్ చేసి చెక్‌సమ్‌లు (ఫైలులోని ప్రతి బిట్టునూ కలిపి లెక్కకట్టే గుర్తు సంఖ్యలు) పోల్చితే అక్షరం తేడా లేదు, అయినా సంకేతం లేదు. చివరికి డిస్కును వెల్లకిలా తిప్పి ఎండలో చూస్తే అడుగు భాగం వెండి రంగులో కాక లేత పచ్చగా మెరిసింది. అట్ట అసలుది, లోపలిది ఇంట్లో రాసిన నకలు. ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్ చిత్రంలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని కత్తిరించినట్టు ఆగిపోవడంతో, అది ఎంపీ3 నుంచి రాసినదనీ తేలిపోయింది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు; నేను దాన్ని చివర చేశాను, మీరు మొదట చేయండి.

సంకేతం దొరికిన తరువాత వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది, ధ్వని తగ్గిందన్నది. అది తప్పు కాదు. విప్పిన శిఖరాలు 6 డెసిబెల్స్ వరకు పైకి లేస్తాయి కనుక, వాటికి చోటిచ్చేందుకు ఫిల్టరు మొత్తం స్థాయిని దాదాపు అంతే దించుతుంది. పాత ఫైలుతో పోల్చి వినాలంటే ముందు రెండింటి స్థాయిలను సమం చేయాలి, లేకుంటే గట్టిగా వినిపించేదే మేలనిపిస్తుంది. రెండోది, వేవ్ ఫైలుగా రాస్తే ఫలితం 16 బిట్లే రావడం. ఆ ఆకృతికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సహజంగా ఎంచుకునేది 16 బిట్లే కనుక, 24 బిట్ల పీసీఎం (కుదించని ఆడియో) కావాలని విడిగా చెప్పాలి. మూడోది కొంచెం చిక్కైనది: పాటలను విడివిడిగా డీకోడ్ చేస్తే, మొదటి ఆదేశం ఎదురయ్యే వరకు ప్రతి పాట ఆరంభమూ విప్పబడకుండా ఉండవచ్చు. డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా రిప్ చేసి, డీకోడ్ అయ్యాక క్యూ షీటు (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే జాబితా) ప్రకారం కోయడమే దీనికి నేను నమ్మే మార్గం.

ఫలితం 24 బిట్ల ఫైలే అయినా అందులో నిండేది గరిష్ఠంగా 20 బిట్లు. శాంపిల్ రేటు 44.1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. దాన్ని 96కు పెంచి హై రిజల్యూషన్ అని పేరు పెట్టుకోవడం వల్ల హార్డ్ డిస్కు నిండడం తప్ప ఒరిగేది లేదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక డిస్కును డీకోడ్ చేసి, నివేదికలో పీక్ ఎక్స్‌టెండ్ (నొక్కిన శిఖరాలను విప్పడం) వాడారా లేదా, గెయిన్ (మెల్లని ధ్వని స్థాయి) మార్పు గరిష్ఠంగా ఎంత, దొరికిన దోషాలెన్ని అనే మూడు విషయాలు రాసుకోండి. పీక్ ఎక్స్‌టెండ్ ఎక్కడా లేక, గెయిన్ మార్పు సున్నాగా ఉంటే, ఆ డిస్కులో సంకేతాలున్నా విప్పవలసిందేమీ లేదని అర్థం. 24 బిట్ల ఫైలును చెరిపివేసి 16 బిట్లదే ఉంచుకోండి. దోషాలు ఎక్కువగా కనిపిస్తే డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, మళ్లీ రిప్ చేసి, రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చూడండి.